ఫ్లష్ ట్యాంకుకు పొద్దున్నే చెమటలు: లీకా, తేమా? (శ్రీకాకుళం)

తులసికోట (శ్రీకాకుళం, బలగ), జూలై 14, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా పడకగదికి ఆనుకుని ఉన్న బాత్రూంలో పింగాణీ ఫ్లష్ ట్యాంకు ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున లేచేసరికి ట్యాంకు ఒళ్లంతా నీటి బొట్లే. అవి కిందికి కారి కమోడ్ వెనక టైల్స్ మీద చిన్న మడుగు కడుతున్నాయి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. తెల్లవారుజామునే లేస్తారు, అక్కడ కాలు జారుతుందేమోనని నాకు టెన్షన్. ప్లంబర్ని పిలిస్తే లోపలి సామాను మొత్తం మార్చేయాలన్నాడు. అసలు అది లీకో కాదో తేలకుండా డబ్బు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. ఇంకో విషయం, మధ్యాహ్నానికి ట్యాంకు దానంతటదే ఆరిపోతోంది. మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఏం చేశారు?

కళింగపట్నం తీరం, ఉదయం 8:05

మా వైపు ఇది మామూలేనండీ. సముద్రపు గాలికి కిటికీ ఊచలు, గొళ్లేలు కూడా తడిగానే ఉంటాయి. మేం రాత్రి పడుకునే ముందు ట్యాంకు కింద పాత తువ్వాలు వేసి వదిలేస్తాం.

పనిముట్టు పెట్టె (విజయనగరం, రింగ్ రోడ్డు), ఉదయం 9:20

అమ్మా, అప్పుడే ఏమీ మార్చకండి. నేను ప్లంబింగ్ పనిలోనే ఉన్నాను. ముందు లీకు అవునో కాదో తేల్చుకోండి, ఖర్చు లేని పనే.

ట్యాంకు మూత తీసి, బట్టలకు పెట్టే నీలం కొంచెం నీళ్లలో కలపండి. ట్యాంకు బయటంతా పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. అడుగున కమోడ్‌కి బిగించే రెండు బోల్టుల దగ్గర, యాంగిల్ కాక్ (గోడ దగ్గర ట్యాంకుకు నీళ్లు వదిలే చిన్న కుళాయి) నుంచి వచ్చే కనెక్షన్ పైపు నట్టు దగ్గర టిష్యూ పేపరు చుట్టి ఉంచండి. అరగంటసేపు ఎవరూ ఫ్లష్ చేయకూడదు. పేపరుకు నీలం రంగు అంటితే బయటి లీకు. ఫ్లష్ చేయకుండానే కమోడ్ లోపలి నీళ్లకు రంగు దిగితే కింది వాషర్ పట్టడం లేదని అర్థం. కనెక్షన్ పైపులో నీలం ఉండదు కాబట్టి అక్కడ మాత్రం రంగు చూడకండి, పేపరు తడిసిందా లేదా అన్నదే చూడండి.

ఇంకో గుర్తు కూడా ఉంది. తేమ వల్ల పట్టే బొట్లు ట్యాంకులో నీళ్లు ఎంత మట్టం వరకు ఉన్నాయో బయట కూడా దాదాపు అక్కడి నుంచే మొదలవుతాయి, పైన గోడ పొడిగా ఉంటుంది. లీకైతే తడి ఒక్క చోట మొదలై అక్కడి నుంచే గీతలా కిందికి దిగుతుంది. ఈ రెండూ చూసి చెప్పండి.

తులసికోట, జూలై 15, ఉదయం 7:15

మీరు చెప్పినట్టే చేశాను. బోల్టుల దగ్గర పేపరు తెల్లగానే ఉంది, కమోడ్‌లో రంగు దిగలేదు. బొట్లు నాలుగు వైపులా సమానంగా ఉన్నాయి. ఇంకొకటి గమనించాను. బొట్లు ట్యాంకుకే కాదు, అద్దానికీ పక్క టైల్స్‌కీ కూడా సన్నగా చెమ్మ పట్టింది. అది ఇంతకు ముందు పట్టించుకోలేదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం), ఉదయం 8:30

తులసికోట గారూ, అద్దం సంగతి చెప్పి మంచి పని చేశారు. అసలు చిక్కుముడి అక్కడే విడిపోతుంది. నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ని, కాస్త వివరంగా రాస్తాను.

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. ఏదైనా వస్తువు ఒక హద్దు కంటే చల్లబడితే దాన్ని తాకిన గాలిలోని ఆవిరి నీరై దాని మీద కూర్చుంటుంది. ఆ హద్దు ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టడం చూస్తాం కదా, ఇదీ అదే. లెక్క కట్టడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. తేమ 50 శాతం దాటినప్పుడు 100లోంచి తేమ శాతం తీసేసి, మిగిలినదాన్ని 5తో భాగించి, గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. ఇప్పుడు మన దగ్గర పొద్దున పూట 29 డిగ్రీలు, 85 శాతం తేమ అనుకుందాం. 15ను 5తో భాగిస్తే 3. అంటే డ్యూ పాయింట్ 26. వాతావరణ శాఖకు కళింగపట్నంలో పరిశీలన కేంద్రం ఉంది, ఉదయం 8:30కి కొలిచిన తేమ శాతం వాళ్ల వివరాల్లో దొరుకుతుంది. దాంతో ఎవరైనా ఇంట్లో కూర్చుని లెక్క కట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ కాలంలో మన డాబా మీది ట్యాంకులో నీళ్లు 26 డిగ్రీల కంటే చల్లగా ఉండవు. చలిదేశాల్లో భూమిలోంచి వచ్చే నీళ్లే మంచులా ఉంటాయి కాబట్టి అక్కడ ట్యాంకులు చెమర్చడం సహజం. మన ఇళ్లలో నీళ్లు వాటంతట అవి అంత చల్లబడవు, ఇంకేదో వాటిని చల్లబరచాలి. పైగా మీ ఇంట్లో నీళ్లతో సంబంధం లేని అద్దం కూడా చెమరుస్తోంది. అంటే గది మొత్తం చల్లబడుతోందన్నమాట. పడకగదిలో ఏసీ ఉందా? రాత్రి బాత్రూం తలుపు తెరిచి ఉంటుందా?

తులసికోట, ఉదయం 9:00

ఉంది మాస్టారూ. వానాకాలం ఉక్కపోతకు రాత్రంతా 23లో పెడతాం. అత్తగారు రాత్రిళ్లు లేస్తారని బాత్రూం తలుపు తీసే ఉంచుతాం, లోపలి లైటు వెలుతురు గదిలోకి పడుతుందని. పొద్దున ఆరింటికి ఏసీ ఆపి అన్ని కిటికీలూ తెరుస్తాను, బాత్రూం కిటికీతో సహా.

నాగావళి గట్టు, ఉదయం 9:35

అదేనమ్మా కారణం. రాత్రంతా ఏసీ గాలి బాత్రూంలోకి వచ్చి పింగాణీని, అందులోని నీళ్లని, టైల్స్‌ని 24 డిగ్రీల దగ్గరకు తెస్తోంది. ఆ సమయంలో ఏ చెమటా పట్టదు, ఎందుకంటే ఏసీ గాలి పొడిగా ఉంటుంది. ఆరింటికి కిటికీ తెరవగానే డ్యూ పాయింట్ 26 ఉన్న బయటి గాలి ఒక్కసారిగా లోపలికి వస్తుంది. గోడలు, అద్దం తొందరగా వేడెక్కి ఆరిపోతాయి. ట్యాంకులో లీటర్ల కొద్దీ నీళ్లు ఉన్నాయి కాబట్టి అది మెల్లగా వేడెక్కుతుంది, అందుకే దానికే ఎక్కువసేపు బొట్లు.

రేపు పొద్దున కిటికీ తెరిచాక ఒకసారి ఫ్లష్ చేసి, ట్యాంకు బయట తుడిచి చూడండి. డాబా మీది వెచ్చని నీళ్లు లోపలికి వస్తాయి. కాసేపటికి చెమట ఆగిపోతే ఏసీ చల్లదనమే దోషి అని ఖాయం. ఫ్లష్ చేసిన తర్వాత చెమట ఇంకా ఎక్కువైతే వచ్చే నీళ్లే చల్లగా ఉన్నాయని అర్థం, అప్పుడు వైద్యం వేరు.

కోట జంక్షన్ (విజయనగరం), ఉదయం 11:10

మాస్టారు గారి మాట కాదనను గానీ, మా ఇంట్లో ఏసీయే లేదు. మాకు ఈ బాధ డిసెంబరు చివర మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది. వానాకాలంలో ఒక్క బొట్టు ఉండదు. మా నాన్నగారు, పిల్లలు గీజర్ వేడినీళ్లతో వరసగా స్నానాలు చేస్తారు. ఆఖరివాళ్లు బయటికి వచ్చేసరికి ట్యాంకు, దాని పైపు రెండూ కారుతుంటాయి. మరి దీనికేటంటారు?

నాగావళి గట్టు, ఉదయం 11:45

మీది రెండో రకం కోట జంక్షన్ గారూ. చలికాలంలో తెల్లవారుజామున మన దగ్గర ఉష్ణోగ్రత 18 దగ్గరకు పడుతుంది. డాబా మీద నల్ల ట్యాంకైనా సరే, రాత్రంతా ఆకాశం కింద ఉండి నీళ్లు 20 ప్రాంతానికి దిగుతాయి. మూసిన బాత్రూంలో వేడినీళ్ల స్నానం తర్వాత గాలి 24 డిగ్రీలు, తేమ 95 శాతం అనుకోండి. డ్యూ పాయింట్ 23. నీళ్లు 20. ఇక చెమట పట్టక ఏమవుతుంది? మీ ఇంట్లో ఫ్లష్ చేసిన కొద్దీ చల్లని నీళ్లే వస్తాయి కాబట్టి బొట్లు పెరుగుతాయి. ఆవిరిని బయటికి పంపడమే మీకు మందు.

కోట జంక్షన్, మధ్యాహ్నం 12:05

అయితే ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే ఇద్దరికీ సరిపోతుందా?

పనిముట్టు పెట్టె, మధ్యాహ్నం 1:30

సరిపోదన్నా, ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. మీకు ఫ్యాను బాగా పనిచేస్తుంది. 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను వెంటిలేటర్‌లో బిగించి, స్నానం మొదలుపెట్టేటప్పుడే వేసి, అయిపోయాక కూడా ఇంకో పావుగంట తిరగనివ్వండి. తలుపు కింద అంగుళం సందు ఉండాలి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాను ఉత్తినే తిరుగుతుంది, ఆవిరి కదలదు.

తులసికోట మేడమ్ గారికి ఆ పని చెప్పకండి. ఏసీ నడుస్తుండగా ఫ్యాను వేస్తే పడకగదిలోని చల్లగాలంతా బాత్రూంలోకి లాగి బయటికి పోస్తుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, ట్యాంకు ఇంకా చల్లబడుతుంది. పొద్దున ఏసీ ఆపాక వేస్తే కిటికీలోంచి తడిగాలే లోపలికి వస్తుంది. ఆవిడకు కావలసింది రాత్రి తలుపు మూసి ఉంచడం. అత్తగారికి వెలుతురు కావాలంటే పడకగదిలోనే గోడకు చిన్న నైట్ ల్యాంపు పెట్టండమ్మా, తలుపు గొళ్లెం లేకుండా తోస్తే తెరుచుకునేలా ఉంచండి. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ దొరుకుతుంది, అది అతికించుకోండి.

జీడితోట (పలాస), సాయంత్రం 4:20

నాదీ ఇదే గోల అనుకుని వచ్చాను. మాది ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు, గోడకు ఎత్తులో బిగించినది. ఏసీ లేదు. దాని కింద మగ్గు పెడితే పూటకు మగ్గు నిండుతోంది. ఉద్దానంలో బోరు నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి తేమేనేమో అనుకుంటున్నాం.

నాగావళి గట్టు, సాయంత్రం 5:00

జీడితోట గారూ, మగ్గు నిండుతోందంటే అది తేమ కాదు. చెమట ఎంత పట్టగలదో కూడా లెక్కకు అందుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది, లీటరుకు దాదాపు 2,400 కిలోజౌళ్లు. ఆ వేడితోనే ట్యాంకులోని నీళ్లు వేడెక్కి చెమట ఆగిపోతుంది. 10 లీటర్ల నీళ్లు 3 డిగ్రీలు వేడెక్కడానికి 125 కిలోజౌళ్లు చాలు. అంటే ఆ వేడంతా చెమట ద్వారానే వచ్చినా పట్టే నీరు దాదాపు 50 మిల్లీలీటర్లే. గాలి కూడా కొంత వేడిని ఇస్తుంది కాబట్టి నిజానికి అంతకంటే తక్కువే. ఒకసారి చల్లబడిన ట్యాంకు కార్చేది చిన్న టీ కప్పుడు కూడా ఉండదు. మళ్లీ మళ్లీ చల్లని నీళ్లు వచ్చి చేరుతుంటే ఆ లెక్క పెరుగుతుంది గానీ, ప్లాస్టిక్ గోడ పింగాణీలా వేడిని లోపలికి పోనివ్వదు, దానికి చెమట పట్టడమే తక్కువ.

ఇంట్లో నీళ్ల మిషను కోసం టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఉంటే ఆ మగ్గులో ముంచండి. గాలిలోంచి వచ్చిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. మగ్గు కడిగి పొడిగా తుడిచి పెట్టండి, లేకపోతే అంకె తప్పు వస్తుంది. మీటరు లేకపోతే ఒక చుక్క స్టీలు పళ్లెం మీద ఆరనివ్వండి. బోరు నీళ్లైతే తెల్లటి మచ్చ మిగులుతుంది.

జీడితోట, జూలై 16, ఉదయం 10:15

మీటరు పెట్టాం మాస్టారూ. మగ్గు నీళ్లు 640, కుళాయి నీళ్లు 650. ఇక అనుమానం ఏముంది. కనెక్షన్ పైపు చివర నట్టు లోపల వాషర్ గట్టిపడి పగిలింది. మావయ్య కొత్త వాషర్ వేశారు, ఆగింది. ఆ అంకె చూసి ఇంట్లో అందరికీ ఇంకో దిగులు పట్టుకుంది. తాగే నీళ్లకు 500 లోపు మంచిది అంటారు కదా?

నాగావళి గట్టు, ఉదయం 10:40

భారతీయ ప్రమాణాల్లో లీటరుకు 500 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు. వేరే ఆధారం లేని చోట 2,000 వరకు అనుమతి ఉంది. అయితే టీడీఎస్ మీటరు అన్నీ చెప్పదు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉన్నారు కాబట్టి తాగేవి ల్యాబులో పరీక్ష చేయించుకోవడం నయం. దాని మీద ఇక్కడే వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా వస్తాను.

మూడు లాంతర్లు (విజయనగరం), ఉదయం 11:30

మా చెల్లెలు అమెరికా నుంచి చెప్పింది, అక్కడ ఫ్లష్ ట్యాంకుకు వెళ్లే పైపులో కాస్త వేడినీళ్లు కలిపే వాల్వు బిగిస్తారట. యాంటీ స్వెట్ వాల్వు అంటారట. మన దగ్గర గీజర్ నుంచి అలా కలపొచ్చా?

పనిముట్టు పెట్టె, మధ్యాహ్నం 12:15

కలపొచ్చు గానీ ఎందుకక్కా. అది ఇంట్లో ఎప్పుడూ వేడినీళ్లు పైపుల్లో తిరిగే చోట పనికొస్తుంది. మన గీజర్ స్నానం వేళకే వేస్తాం. ఫ్లష్ చేసిన ప్రతిసారీ ముందు పైపులో నిలిచిన చన్నీళ్లే వస్తాయి, వేడివి చేరేలోపు ట్యాంకు నిండిపోతుంది.

నాగావళి గట్టు, మధ్యాహ్నం 12:40

ఖర్చు కూడా చూడండి. 6 లీటర్లను 5 డిగ్రీలు వేడి చేయడానికి 0.035 యూనిట్ పడుతుంది. ఇంట్లో అందరూ కలిసి రోజుకు 20 సార్లు ఫ్లష్ చేస్తే 0.7 యూనిట్. నెలకు 21 యూనిట్లు కమోడ్‌లో పోసినట్టే.

కళింగపట్నం తీరం, సాయంత్రం 6:10

ట్యాంకు లోపల థర్మోకోల్ అతికిస్తే ఆగుతుందని విన్నాను. ఇంటి బయట గాలి ఎలాగూ మార్చలేం కదా. అది చేసుకోవచ్చా?

పనిముట్టు పెట్టె, సాయంత్రం 7:45

చేసుకోవచ్చు, కానీ థర్మోకోల్ వద్దు. పూసలు రాలి వాషర్ కింద చిక్కుకుంటాయి, అప్పుడు లేని లీకు మొదలవుతుంది. ఏసీ రాగి పైపులకు చుట్టే నల్ల నైట్రైల్ రబ్బరు షీటుగా దొరుకుతుంది, ఫ్రిజ్, ఏసీ విడిభాగాల షాపుల్లో అడగండి. అది నీరు పీల్చదు. మామూలు స్పాంజి పనికిరాదు, తడిసిపోయాక దానివల్ల ఉపయోగం సున్నా.

అసలు శ్రమంతా ట్యాంకును ఆరబెట్టడంలోనే ఉంది. యాంగిల్ కాక్ కట్టి, ఫ్లష్ చేసి, అడుగున మిగిలిన నీళ్లు స్పాంజితో తీసేయాలి. లోపల పట్టిన పాచి, గార గీకి కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి పింగాణీ మీద సిలికాన్ పట్టదు, నెల తిరక్కుండా షీటు ఊడి వాల్వు మీద పడుతుంది. ముందు పాత న్యూస్‌పేపరు కత్తిరించి నాలుగు గోడల కొలతలు తీసుకుని ఆ అచ్చుతో షీటు కోయండి. సిలికాన్ అంచుల చుట్టూ వదలకుండా పెట్టి నొక్కండి, వెనక్కి నీళ్లు చేరితే వృథా. ఫ్లోట్ పైకీ కిందికీ ఆడే దారిలో, పొంగు నీళ్లు పోయే గొట్టం దగ్గర, ఫ్లష్ వాల్వు చుట్టూ ఏదీ తగలకూడదు. ఒక రోజంతా ఆరాకే నీళ్లు వదలండి.

6 మిల్లీమీటర్ల షీటు మించొద్దు. అదే లీటరు, లీటరున్నర చోటు తినేస్తుంది. ఆ మేరకు ఫ్లష్ బలం తగ్గితే ఫ్లోట్ కాస్త పైకి సర్దుకోవచ్చు, కానీ పొంగు గొట్టం అంచు దాటకూడదు.

ఇది కోట జంక్షన్ అన్న లాంటి వాళ్లకు బాగా పనిచేస్తుంది. ఏసీ గదివాళ్లకు సగమే పనిచేస్తుంది, పింగాణీ బయటి నుంచే చల్లబడుతోంది కదా. ట్యాంకు బయట గుడ్డ తొడుగు వేసేవాళ్లు, మైనం పూసేవాళ్లు కూడా ఉన్నారు. గుడ్డ తడిసి కంపు కొడుతుంది. మైనం పూసినా పింగాణీ చల్లగానే ఉంటుంది.

మూడు లాంతర్లు, రాత్రి 8:30

ట్యాంకు వెనక గోడకు నల్ల బూజు పట్టినవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. దాన్ని పోగొట్టడానికి బ్లీచింగ్ వాడితే ఆ రోజు టాయిలెట్ కడిగే యాసిడ్ ద్రావణం దగ్గరికి తేవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను గట్టిగా దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకు కూడా తెస్తుంది. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. తలుపు, కిటికీ తెరిచి ఏదో ఒక్కటే వాడండి. కింద పళ్లెం పెట్టేవాళ్లు రోజూ వంపేయండి, లేకపోతే డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ నీళ్లే చాలు.

తులసికోట, జూలై 19, ఉదయం 7:30

తలుపు కింద రబ్బరు పట్టీ వేశాం, మంచం పక్కన నైట్ ల్యాంపు పెట్టాం, రాత్రి తలుపు మూస్తున్నాం. అద్దానికి చెమ్మ పోయింది. ట్యాంకు మీద పలచటి తడి అప్పుడప్పుడు కనిపిస్తోంది గానీ కిందికి కారడం లేదు. మాస్టారు చెప్పినట్టు లేవగానే ఒకసారి ఫ్లష్ చేస్తే ఆ తడి కూడా పోతోంది. అత్తగారు నడిచే దారిలో రబ్బరు మ్యాట్ వేశాను. సామాను ఏదీ మార్చలేదు. పనిముట్టు పెట్టె గారికి, మాస్టారికి చాలా కృతజ్ఞతలు.

కొత్త ఇల్లు (రాజాం), ఉదయం 10:00

మాది ఇంకా కడుతున్న ఇల్లు. గోడలో దాచే ఫ్లష్ ట్యాంకు పెట్టమంటున్నారు. పడకగదికి, బాత్రూంకి మధ్య గోడలో దాని చోటు. పడకగదిలో ఏసీ వస్తుంది. ఇదంతా చదివాక భయమేస్తోంది. లోపల చెమట పట్టి గోడ తడిస్తే ఎవరికి తెలుస్తుంది?

పనిముట్టు పెట్టె, ఉదయం 11:20

సరైన సమయంలో అడిగారు తమ్ముడూ. గోడలో దాచే ట్యాంకులకు చుట్టూ థర్మోకోల్ తొడుగు కంపెనీ నుంచే వస్తుంది, అది ఈ చెమట కోసమే. కొనేటప్పుడు ఉందో లేదో చూడండి. కొన్నిచోట్ల గాడిలో పట్టడం లేదని మేస్త్రీ ఆ తొడుగును చెక్కేస్తాడు, అలా చేయనివ్వకండి. దగ్గరే నిలబడండి.

చోటు విషయంలో మాత్రం నా మాట వినండి. ఏసీ గది గోడను తొలిచి పెట్టొద్దు. గాడి కొట్టాక పడకగది వైపు సన్నటి పలక మాత్రమే మిగులుతుంది, ఆ చల్లదనం నేరుగా ట్యాంకుకు తగులుతుంది. బయటి గోడకు మార్చండి. కమోడ్ పైపు అప్పటికే వేసేసి ఉంటే గోడను తొలవకుండా దాని ముందు నడుము ఎత్తున చిన్న గోడ కట్టి అందులో పెట్టండి. పైన సబ్బులు పెట్టుకోవడానికి అరుగు కూడా వస్తుంది.

కొత్త ఇల్లు, ఉదయం 11:50

కమోడ్ పైపు వేసేశారు, కాబట్టి ముందు గోడే కట్టిస్తాం. తర్వాత ఎప్పుడైనా గోడ తడిగా కనిపిస్తే లీకా, తేమా అన్నది ఎలా తెలుసుకోవాలి? పగలగొట్టకుండా.

నాగావళి గట్టు, మధ్యాహ్నం 12:10

జానెడు పలచటి ప్లాస్టిక్ కాగితం తడి ఉన్నచోట గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించండి. ఒకటి రెండు రోజులు ఉంచి చూడండి. బొట్లు కాగితం పైన పడితే అవి గదిలోని గాలివి. కాగితం కింద, గోడ వైపు పడితే లోపలి నుంచి నీరు వస్తోంది. టైల్స్ మీద కంటే పెయింటు గోడ మీద ఇది బాగా తెలుస్తుంది, కాబట్టి ఆ చిన్న గోడ పక్కనో, అవతలి గది వైపో పెట్టి చూడండి.

పనిముట్టు పెట్టె, మధ్యాహ్నం 12:45

దాంతోపాటు, టైల్స్ వేయకముందే ట్యాంకు నింపి ఒక రాత్రంతా వదిలి, నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి పొద్దున చూడండి. గీత కంటే దిగితే టైల్స్ మేస్త్రీని రానివ్వకండి. వచ్చే పైపుకు నల్ల రబ్బరు గొట్టం తొడిగించండి. టేపు కొలత పక్కన పెట్టి పైపుల ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీసి దాచుకోండి, రేపు అద్దం బిగించడానికి ఎవరైనా డ్రిల్లు పట్టుకుని వస్తే చూపించడానికి ఉంటాయి.